కోడలి గడియారం

పొద్దున పదింటప్పుడు కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే జేబులో ఫోను మోగింది. మోగటమంటే రింగు కాదు, ఊరికే ఒక్క చప్పుడు. కూలోళ్ల ఆటో గురించి కబురేమోనని చేతులు తువ్వాలుకు తుడుచుకుని తీసి చూశా. ఘాటుకు కళ్లు నీళ్లు కారుతుంటే అక్షరాలు కూడబలుక్కుని చదివా.

'మీ నెలసరి తొమ్మిది రోజులు ఆలస్యమైంది.'

నాకు అరవై మూడేళ్లు.

అటూ ఇటూ చూశా. పక్క కల్లంలో ఇశ్రాయేలు పట్టా దులుపుకుంటున్నాడు, వాడి ధ్యాస వాడిది. ఫోను జేబులో పెట్టి ఇంకో గంట కాయలు తిరగేశా. మళ్లీ తీసి చూస్తే అదే మాట. దాని కింద సన్నక్షరాల్లో భార్గవి అని ఉంది. భార్గవి నా కోడలు.

పోయిన ఎండాకాలం చేలో కళ్లు తిరిగి పడ్డా. డాక్టరు బీపీ అన్నాడు. మా అబ్బాయి వెంకటేష్ మాచర్ల వైపు జేసీబీ తోలతాడు, ఆదివారం ఆదివారం ఇంటికొస్తాడు. వాడు నరసరావుపేటలో వంశీ కొట్టుకు పోయి గుండె కొట్టుకునేది చూపించే గడియారం తెచ్చి నా చేతికి కట్టాడు. ఒకటి కొంటే ఇంకోటి ఇస్తున్నారంట, ఆ రెండోది పెళ్లాం చేతికి కట్టాడు.

వంశీ మాకు వరసకు మేనల్లుడు. మా ఇంట్లో ఫోన్లన్నీ వాడి దగ్గర కొన్నవే. ఏ ఫోను కొన్నా వాడు అందులో ఒకటే మెయిలు పెడతాడు. ఎప్పుడో నా పేరు మీద చేసింది. పాస్‌వర్డు మా ఊరి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. ఇంటికొకటి ఉంటే చాలు మామా, మర్చిపోరు అంటాడు. ఇంటికో రేషను కార్డు, ఇంటికో గ్యాసు బుక్కు, ఇంటికో మెయిలు. మాకూ అది సబబుగానే తోచింది. గడియారాలకూ వాడు అదే మెయిలు కట్టాడు. అందుకని కోడలి చేతి గడియారం చూసిందీ, దాంట్లో ఆ అమ్మాయి నెలనెలా రాసుకునే తేదీలూ అన్నీ నా ఫోనులోకీ వస్తయ్. ఆ అమ్మాయికి ఆ సంగతి తెలియదు. నేనూ అన్నాళ్లూ నా అంకె చూసుకుని మూసేసేవాణ్ణి, కిందికి జరిపితే ఇంకో మనిషి ఉంటుందని ఎరగను.

ఆ రోజు కిందికి జరిపా.

వాళ్ల పెళ్లయి నాలుగేళ్లు. రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ నిలవలా. మొదటిసారి రెండో నెలలోనే ఊరందరికీ తెలిసిపోయింది. తెలిపింది మా తిరపతమ్మక్క. చెడ్డతనం కాదు, సంతోషం పట్టలేక. మా బజారులో ఇరవై ఇళ్లకు బూరెలు చేసి పంచింది. పోయినాక ఆ ఇరవై ఇళ్లవాళ్లూ వరసగా పరామర్శకు వచ్చారు. వచ్చినోళ్లు ఊరికే పోరు గదా. బరువెత్తావా అని ఒకరు, బొప్పాయి తిన్నావా అని ఒకరు, మీ అమ్మకూ ఇట్టాగే అయ్యేదా అని ఒకరు. భార్గవి అందరికీ మంచినీళ్లిచ్చింది. మూడో రోజు నుంచి పని లేకపోయినా వంటింట్లోనే కూర్చుంది. రెండోసారి కూడా అయినాక కుళాయికి పోయే వేళ మార్చుకుంది. ఆడోళ్లంతా తెల్లారి నీళ్లు పడితే ఆ అమ్మాయి మిట్టమధ్యాహ్నం పోయేది, ధార దారంలాగా వచ్చే వేళ. బిందె నిండేదాకా ఎండలో నిలబడేది. ఎందుకని ఎవరూ అడగలా. నేనూ చూసి ఊరుకున్నా.

ఈసారి ఎవరికీ చెప్పలేదంటే ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. తను నోరు విప్పేదాకా ఆ మాట నా దగ్గర లేనట్టే అనుకున్నా. ఊళ్లో ఒక్క మనిషికి తెలిసినా మళ్లీ ఆ ఇరవై ఇళ్లూ కదులుతయ్.

అనుకోవటం తేలికే. మర్నాడు పళ్లు తోముకోకముందే ఫోను తీశా. 'భార్గవి, నిద్ర నాలుగు గంటల ఇరవై నిమిషాలు.' ఆ కింద గుండె తొంభై ఆరు. నాది ఎనభై రెండు. చిన్నపిల్లకు నాకంటే ఎక్కువ ఎందుకు కొట్టుకుంటుందని ఆ రోజంతా అదే ఆలోచన. సాయంత్రం మళ్లీ చూశా. ఆ తర్వాత రోజూ రెండుసార్లు. చుట్ట మానేసినప్పుడు కూడా నా చెయ్యి జేబు వైపు అన్నిసార్లు పోలా.

భార్గవి జాకెట్లకు మగ్గం పని చేస్తది. పంచలో చెక్క మగ్గానికి గుడ్డ బిగించి, పొద్దస్తమానం దాని మీదికి వంగి పూసలు కుడుతుంటది. నేను ఒకరోజు ఆ మగ్గాన్ని గాలి తగిలే వైపుకు జరిపి, కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశా, వంగక్కర్లేకుండా. ఇంకోరోజు పంచ మెట్టు కదులుతుంటే సిమెంటు వేశా. మూడేళ్ల నుంచి కదులుతూనే ఉంది ఆ మెట్టు. శావల్యాపురం పోయినప్పుడు పుల్ల నిమ్మకాయలు, ఉప్పులో ఊరిన ఉసిరికాయలు తెచ్చి వంటింట్లో పెట్టా. నీళ్ల బిందెలు నేనే మోశా.

మా ఇంటిది బుల్లెమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏందయ్యా, నలభయ్యేళ్లలో ఒక్కనాడు బిందె చెవి ముట్టనోడివి, ఇప్పుడేం పూనింది?"

డాక్టరు బరువులెత్తమన్నాడని చెప్పా.

"బీపీ ఉన్నోణ్ణి బరువులెత్తమన్నాడా? ఏ ఊరి డాక్టరయ్యా ఆయన?"

నేను బిందె ఎత్తుకుని లోపలికి పోయా. బుల్లెమ్మ ఇంకేం అనలా. అట్టా ఊరుకునే మనిషి కాదు, ఎందుకు ఊరుకుందా అని అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఒకనాడు ఫోనులో నిద్ర మూడు గంటలని ఉంది. భార్గవి తెల్లారి లేచి పేడ ఎత్తబోతుంటే నోరు జారి, "అమ్మాయికి రాత్రంతా నిద్ర లేదు, కాసేపు పడుకోనీ" అని బుల్లెమ్మతో అన్నా. భార్గవి తట్ట చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. వాళ్ల గది తలుపు వేసి ఉంటది. రాత్రి దాని వెనక ఎవరు నిద్రపోయారో ఎవరు పోలేదో బయట పడుకున్న మామకు ఎట్టా తెలుస్తది. నేను గేదె తాడు సర్దుకుంటూ అవతలికి పోయా.

చేలో ఉండగా ఒక సంగతి తట్టి చేతిలో పని ఆగిపోయింది. నా పాత ఫోను తిరపతమ్మక్క దగ్గరుంది.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. బావ పోయినాక రెండిళ్ల అవతల ఒక్కతే ఉంటది. కొత్త ఫోను కొన్నప్పుడు పాతది ఆమెకిచ్చా, పాటలు వింటదని. గడియారం తాలూకుదంతా అందులో అట్టాగే ఉంది. నేను తీయమనలా, వంశీ తీయలా.

పని వదిలేసి పోయా. అక్క మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తంది. ఫోను తలగడ పక్కన పెట్టుకుంది. నేను అడగకముందే నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఒరేయ్, నీ గుండె ఏందిరా అట్టా అవుతంది? పొద్దున చూస్తే ఎనభై రెండు. కిందికి జరిపితే తొంభై ఎనిమిది. ఎవరి మీదరా నీకంత కోపం?"

అక్కకు అక్షరాలు రావు. అంకెలు వచ్చు, బస్సుల మీద నంబర్లు చూసి నేర్చుకుంది. రోజూ కాఫీ తాగబోయే ముందు ఆ ఫోను తెరిచి, గుండె బొమ్మ పక్కన అంకె చూసుకుని, తమ్ముడు ఉన్నాడు అనుకుని అప్పుడు గ్లాసు ఎత్తుతుందంట. ఆ మాట నాకెప్పుడూ చెప్పలా. రెండు గుండెలు కనపడితే రెండూ నావే అనుకుంది, ఒకటి కూర్చున్నప్పటిది, ఒకటి పని చేసేటప్పటిది. రెండోది పెరుగుతుందని ఈ తిరనాళ్లకు కోటప్పకొండ మెట్లెక్కుతానని మొక్కుకుంది. డెబ్బయ్యొక్కేళ్ల మోకాళ్లతో.

అంతటితో అయిపోతే బాగుండేది. సాయంత్రం ఆరెంపీ డాక్టరు వస్తాడంట, ఆయనకు చూపిస్తానని చెప్పింది. ఆరెంపీకి అక్షరాలు వచ్చు. ఆయన నోటికి మూత లేదు. సైకిలు దిగకముందే ఊళ్లో జ్వరాలన్నీ పేర్లతో సహా చెబుతాడు.

ఫోను ఇటియ్యి, బాగు చేయించుకొస్తానన్నా. బాగానే ఉందిగా అంది. పాతబడింది, కొత్తది కొనిస్తానన్నా. అప్పుడు ఫోను తీసి చీరె కుచ్చెళ్ల కింద పెట్టుకుంది.

"నీ గుండె నా దగ్గరుంటే నీకేందిరా నష్టం?"

చివరికి గుండె డాక్టరు రెండు ఫోన్లూ చూడాలన్నాడని అబద్ధం చెప్పి, రేపు పొద్దున కాఫీ వేళకు నేనే మనిషినొచ్చి కనపడతానని ఒప్పించి తీసుకున్నా.

ఆ పూటే నరసరావుపేట బస్సెక్కా. వంశీ కొట్టు బస్టాండు ఎదురు సందులో. కొట్టు నిండా జనం. నేను ఎక్కువ చెప్పలా. అమ్మాయి గడియారం సంగతులు అమ్మాయి ఫోనులోనే ఉండాలి, ఇంకెక్కడా కనపడగూడదు, అట్టా చెయ్యి అన్నా.

"ఏముంది మామా అందులో, మనోళ్లేగా" అన్నాడు వంశీ.

చెయ్యరా అన్నా. చెయ్యాలంటే అమ్మాయి ఫోనుకు ఓటీపీ వస్తది, అది చెబితేనే అవుతది అన్నాడు. పోనీ నా ఫోనులోనుంచి తీసెయ్యమంటే, తీసినా మెయిలు ఒకటే కాబట్టి మళ్లీ వస్తదంట. ఆ అమ్మాయికి తెలియకుండా ఆ అమ్మాయి సంగతి దాయటానికి దారి లేదు. నేను తల గోక్కుంటుంటే వాడు నా చేతిలో ఫోను తీసుకుని, "అసలేం కనపడుతుందో చూద్దాం ఉండు" అంటూ బొటనవేలితో కిందికి జరిపాడు.

నేను ఫోను అద్దం మీద అరచెయ్యి అడ్డం పెట్టా. ఎంత గట్టిగా పెట్టానో, ఫోను బల్ల మీద పడింది. కొట్లో జనం ఇటు తిరిగారు.

"ఆడపిల్ల సంగతి, నువ్వెందుకు చూస్తావురా?"

వంశీ మొహం చిన్నబోయింది. చెడ్డ పిల్లోడు కాదు. నేను చూడలేదు మామా అన్నాడు. నిజంగానే చూడలా.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రెండు ఫోన్లు రెండు జేబుల్లో పెట్టుకుని కూర్చున్నా. వంశీ వేలు ఒక్కసారి జరిగితే నాకు ఒళ్లు మండింది. నా వేలు పద్నాలుగు రోజులుగా జరుగుతానే ఉంది. వాడు బయటోడు, నేను ఇంట్లోవాణ్ణి, నేను మంచికి చూశా అని చెప్పుకుంటూ వచ్చా. ఊరు దగ్గర పడేకొద్దీ ఆ చెప్పుకోవటంలో పస తగ్గింది. బూరెలు పంచినప్పుడు మా అక్క చేసింది కూడా మంచికే.

బస్సు దిగి దొడ్డిదారిన ఇంటికొచ్చా. గేదెల కొట్టం వెనక నుంచి వస్తుంటే మాటలు వినపడ్డయ్. చేద బావి దగ్గర భార్గవి, ఆశా వర్కరు గ్రేస్ నిలబడి ఉన్నారు. గ్రేస్ మా ఊరి ప్రేమమ్మ కూతురు, భార్గవి కంటే నాలుగేళ్లు పెద్ద, భార్గవి ఆమెను అక్కా అని పిలుస్తది. ఇద్దరికీ మంచి స్నేహం. రెండోసారి పోయినప్పుడు పేట ఆసుపత్రిలో రాత్రంతా పక్కన కూర్చుంది గ్రేసే.

భార్గవి గొంతు పెద్దగా లేదు. పెద్దగా లేకపోవటానికే నాకు భయమేసింది.

"నీకు, ఆయనకు తప్ప ఎవరికీ తెలియదక్కా. ఆయన్ని ఫోనులో అడిగా, ఒట్టేశాడు. మా మామయ్య బిందెలు మోస్తన్నాడు, ఉసిరికాయలు తెస్తన్నాడు, నాకు నిద్ర లేదని కూడా చెబుతున్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టటంలేదని నేను నీకొక్కదానికే చెప్పా."

గ్రేస్ చేతిలో రిజిస్టరు పట్టుకుని నిలబడింది. తర్వాత నెమ్మదిగా, "నేను చెప్పలేదు భార్గవీ" అంది. ఒక్కసారే అంది. రెండోసారి చెబితే మాట పలచనవుతుందని తెలిసిన మనిషి.

"మరి ఎట్టా తెలిసింది?"

నాకు మాట్లాడే అలవాటు తక్కువ. పంచాయితీల్లో కూడా చివర్లో అటో ఇటో తలూపుతా. అట్టాంటి సంగతి కోడలితో మాట్లాడటం మా ఇళ్లల్లో మామలు చేసే పని కాదు. కొట్టం వెనక నుంచి వెనక్కి తిరిగి వీధి వైపు పోయి, ఏమీ ఎరగనట్టు ముందు గుమ్మంలో నుంచి రావచ్చు. ఒక అడుగు అటు వేశా కూడా. గ్రేస్ చెప్పులు తొడుక్కుంటుంది పోవటానికి. ఈ పూట పోతే మళ్లీ ఆ బావి దగ్గరికి రాదనిపించింది.

ఎదురుగా పోయి నిలబడ్డా.

"గ్రేస్ చెప్పలేదమ్మా. నీ గడియారం చెప్పింది."

ఇద్దరూ అర్థం కానట్టు చూశారు. ఫోను తెరిచి భార్గవి చేతికిచ్చా. పేరు తనది, నిద్ర తనది, గుండె తనది, పైన తేదీ. వంశీ ఒకటే మెయిలు పెట్టిన సంగతి చెప్పా. అక్క దగ్గరున్న ఫోను సంగతీ చెప్పి అది కూడా తీసి ఇచ్చా. భార్గవి వేలితో జరుపుతా చూసింది, ఒక్కో రోజే.

"ఎన్నాళ్ల నుంచి?"

"పద్నాలుగు రోజులు."

"రోజూ చూశారా మామయ్యా?"

"చూశా."

"నేను పడుకున్నానా లేదా అని."

"ఆఁ."

నీ మంచికే అని నోటిదాకా వచ్చింది. మింగా.

"అత్తమ్మకు చెప్పారా?"

"ఎవరికీ చెప్పలా."

భార్గవి చేద తాడు చివర పట్టుకుని పురి తిప్పుతా ఉంది.

"ఈసారన్నా నాకు ధైర్యం వచ్చినాక, నా నోటితో నేను చెప్దామనుకున్నా మామయ్యా. ఎవరు ముందు, ఎవరు తర్వాత అని కూడా అనుకున్నా. రాత్రిళ్లు అదే అనుకుంటూ పడుకునేదాన్ని. మీరు ముందే చదివేసుకున్నారు."

ఆ మాట అనేటప్పుడు కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. నేను తప్పే చేశానమ్మా అన్నా. ఆ అమ్మాయి రెండు ఫోన్లూ తీసుకుని లోపలికి పోయింది. గ్రేస్ నా వైపు చూసి, "పొద్దుపోయింది బాబాయ్, వస్తా" అని రిజిస్టరు చంకలో పెట్టుకుని కదిలింది. వంటింటి కిటికీలో నుంచి భార్గవి పిలిచింది, అక్కా ఒక్క నిమిషం రా అని. లోపల ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. చానాసేపు ఉన్నారు. పోయేటప్పుడు గ్రేస్ చేతిలో నా ఉసిరికాయలు గిన్నెడు ఉన్నయ్.

ఆ రాత్రి భార్గవే అన్నం పెట్టింది. కూర వేసింది, మజ్జిగ పోసింది, చాలా అని అడిగింది. మొహం చూడలా. మర్నాడూ అంతే. చేతికి గడియారం లేదు, తెల్లగా దాని అచ్చు మాత్రం ఉంది. మూడో రోజు నా ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో నా గుండె ఒక్కటే ఉంది. తనకు వేరే మెయిలు పెట్టుకుందంట, పాస్‌వర్డు ఎవరికీ చెప్పనని చెప్పింది. చెప్పొద్దమ్మా అన్నా. అయితే ఇక నుంచి నీళ్ల బిందెలు నేను మోయనక్కర్లేదా అని మా బుల్లెమ్మను అడగబోయి, అడగకుండానే బిందె తీసుకుని పోయా. అలవాటయింది.

ఆ మూడు రోజులూ కాఫీ వేళకు అక్క ఇంటికి పోయి మనిషినే కనపడి వచ్చా. నాలుగో రోజు భార్గవే పాత ఫోను తీసుకుపోయి ఆమెకిచ్చింది. నేనూ వెంట పోయా. అక్క కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, "ఒకటే ఉందేందే, రెండోది ఏమయింది?" అంది.

భార్గవి నా వైపు ఒకసారి చూసింది. "కోపం తగ్గించుకున్నాడు పెద్దమ్మా" అంది.

"నేనెక్కుతానన్నానుగా మెట్లు. ఆ కోటయ్య వింటాడే."

అక్క మెట్లు ఎక్కకుండా ఆపటానికి నాకు ఇంకో వారం పట్టింది. చివరికి మా ఊరోళ్లు కొండకు కట్టే ప్రభ వెంట ట్రాక్టరులో పోయి, కింద నుంచే దండం పెట్టుకునేట్టు ఒప్పందం. ఆ వారంలోనే ఒకరోజు అన్నం దగ్గర భార్గవి నా మొహం చూసి మాట్లాడింది. మగ్గం కింద ఇటుక ఒకటి వంకరగా ఉంది, సరి చెయ్యండి అంది. లేచి చేశా.

నెల దాటింది. కాయ చివరి కోతకు వచ్చింది. ఒకనాడు సాయంత్రం బుల్లెమ్మ, రేపు కోడి కూసేటప్పుడే చేలోకి పొమ్మంది. ఎందుకే అంటే, పొమ్మంటే పో అంది. నేను చెప్పులు వెతుక్కుంటుంటే తనే నోరు విప్పింది. భార్గవి వాళ్లమ్మ ముప్పాళ్ల నుంచి మొదటి బస్సుకు వస్తందంట, దొంగ చలిమిడి పెట్టటానికి.

మా వైపు మూడో నెలలో అమ్మాయి పుట్టింటివాళ్లు పెడతారు దీన్ని. చలిమిడి ముద్ద చేసుకుని, గుడ్డ కప్పుకుని, పొద్దున్నే వచ్చి కూతురి ఒళ్లో పెట్టి పోతారు. అత్తింటివాళ్లు చూడగూడదు. చూసినా చూడనట్టుండాలి. అందరికీ తెలుసు, ఎవరికీ తెలియదు.

"నీకెప్పటి నుంచి తెలుసే?" అన్నా.

"నువ్వు మెట్టుకు సిమెంటు వెయ్యకముందు నుంచి తెలుసు. ఒకే ఇంట్లో ఉండే ఆడదానికి గడియారం కావాలా?"

"మరి చెప్పలేదే?"

"అది చెప్పినప్పుడు గదా నాకు తెలియాల్సింది."

చెప్పులు తొడుక్కున్నా.

తెల్లారి డొంకలో పోతుంటే ఎదురుగా వియ్యపురాలు వస్తంది. గుడ్డ కప్పిన గిన్నె చంకలో పెట్టుకుని గబగబా నడుస్తంది. నన్ను చూసి ఆగిపోయింది. మామూలు రోజైతే బాగున్నారా అన్నయ్యగారూ అని నాలుగు మాటలు నడిచేవి. నేను చేనివైపు తిరిగి ఒక మిరప మొక్కను పట్టుకుని ఆకు తిరగేసి చూడటం మొదలుపెట్టా, బొబ్బర తెగులు ఉందేమోనన్నట్టు. ఆమె కొంగు గిన్నె మీదికి లాక్కుని నా వెనక నుంచి పోయింది. గాజుల చప్పుడు దూరమయ్యేదాకా ఆకు చూశా. శుభ్రంగా ఉంది ఆకు.

తొమ్మిదింటప్పుడు క్యారేజీ వచ్చింది. రోజూ బుల్లెమ్మ తెస్తది. ఆ రోజు భార్గవి తెచ్చింది, చేను ఊరి పక్కనే. కోతకొచ్చిన వాళ్లు అవతలి చివర సాళ్లల్లో ఉన్నారు. గట్టు మీద తుమ్మ నీడలో కూర్చుంది. నేను చేతులు కడుక్కున్నా.

"మామయ్యా, మీకో మాట చెప్పాలి."

"చెప్పమ్మా."

"తెలిసినట్టు మొహం పెట్టగూడదు."

"పెట్టను."

చెప్పింది. మొదట తలొంచుకుని, తర్వాత నా వైపు చూస్తానే చెప్పింది. రోజూ రాత్రి నిద్ర పట్టక ఏం అనుకునేదో చెప్పింది. కడుపులో చిన్న నొప్పి వస్తే ఊపిరి బిగబట్టి వంద లెక్కపెట్టేదంట, వందయ్యేలోపు తగ్గితే బిడ్డ ఉన్నట్టు. కొన్ని రాత్రులు నాలుగైదు వందలు లెక్కపెట్టిందంట. ఫోనులో మాత్రం నిద్ర మూడు గంటలని ఉండేది. నేను అన్నీ తెలుసనుకున్నా. ఇది ఏ రోజూ అందులో రాలా.

తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుని అడిగా.

"ఎన్నో నెలమ్మా?"

"మీరే లెక్క చూసి చెప్పండి, మీ దగ్గర అన్నీ ఉండేవిగా" అంది. అని నవ్వింది. చానా రోజులయింది ఆ నవ్వు విని.

"నాకేం తెలుసమ్మా. నువ్వు చెబితేనే."

"మూడు నిండినయ్."

"అట్నా" అన్నా.

క్యారేజీ పై గిన్నె తీసింది. అన్నం కాదు, చలిమిడి, యాలకుల వాసన వేస్తంది. మధ్యలో నుంచి ఒక ముద్ద తుంచి నా చేతిలో పెట్టింది. అది అత్తింటివాళ్లకు పెట్టేది కాదు. ఆ మాట అనబోయా.

"దొంగదే మామయ్యా. అత్తమ్మకు కూడా చెప్పొద్దు" అంది.

దారి వైపు వీపు పెట్టి కూర్చుని తిన్నా.